రసాయనబోధనము — ప్రశ్నపత్రపు పెత్తనము

మన విశ్వవిద్యాలయములనుండి ఏటేట వేలకొలది యువతీయువకులు రసాయనశాస్త్రమున పట్టములు పుచ్చుకొని వెలువడుచున్నారు. వీరికి రసాయనశాస్త్రము వచ్చునా యని యడుగుటయే యపచారమని భావించు పెద్దలు కొందఱు కలరు. పట్టము చేతనుండగా విద్య రాలేదనుట యెట్లని వారి ప్రశ్న. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. దస్తావేజు చేతనున్నంతమాత్రమున భూమి స్వాధీనమున నున్నట్లు కాదని జిల్లాకోర్టు గుమాస్తాకు సైతము తెలియును. పట్టమునుగూర్చియు మా సందేహ మట్టిదే. ఇది మా యొక్కరి సందేహమే యైనచో పత్రికకెక్కింపకుందుము. రసాయనాచార్యులే నానాదేశములలో కొన్ని దశాబ్దములనుండి తమ బోధనమును తామే విచారణకు పెట్టుకొని, సాక్ష్యమును పోగుచేసి, తీర్పు వ్రాసియుంచినారు. ఆ తీర్పును మన విశ్వవిద్యాలయములు చదువలేదు, చదివినను అమలుజరుపలేదు.

ఆ సాక్ష్యములో నొకదానిని పాఠకుల యెదుట పెట్టెదము. 1987లో సుసాన్ నరెన్బర్న్, మైల్స్ పికరింగ్ అను నిరువురు అమెరికా యధ్యాపకులు కళాశాల విద్యార్థులకు జంటప్రశ్నలిచ్చిరి. మొదటిది వాయుసూత్రములో అంకెలు చొప్పించి జవాబు రాబట్టు లెక్క. రెండవది బొమ్మ. ఒక యుక్కుతొట్టిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రతయందు, 3 వాతావరణముల పీడనమున ఉదజని వాయువున్నది. అణువులు చుక్కలుగా తొట్టియంతటను గీయబడినవి. తొట్టిని సున్నకు దిగువ 20 డిగ్రీలవఱకు చల్లార్చినచో ఆ చుక్కలెట్లుండును? ఇచ్చిన బొమ్మలలో సరియైనదానిని చూపవలెను.

లెక్క చేయగలిగిన విద్యార్థులలో పెక్కుమంది ఈ బొమ్మకడ తప్పినారు. చలికి అణువులన్నియు తొట్టి యడుగునకు దిగి పేరుకొనునని కొందఱు, నడుమకు ముడుచుకొనునని కొందఱు తలచిరి. ఉదజని సున్నకు దిగువ 253 డిగ్రీల చేరువకు వచ్చినగాని ద్రవము కాదు. చుక్కలు మునుపటివలెనే తొట్టియంతటను చెదరియుండును; వాని వేగము కొంత తగ్గును, పీడనము 3నుండి ఇంచుమించు 2.6కు దిగును. ఇంతే. ఈ 2.6 అను నంకెను తీయగలవారికి ఆ యంకె దేనినిగూర్చి పలుకుచున్నదో తెలియదు! 1990లో బార్బరా సాయరీ అను నధ్యాపకురాలు పెద్ద తరగతిలో ఈ పరీక్షనే మరల జరిపినది. మేటి మార్కులు తెచ్చుకొను విద్యార్థులలోను ఈ యంతరమే కనబడినది.

కోర్టులో మేమిట్టివారిని నిత్యము చూచుచుందుము. నేర్పుడు సాక్షి ముఖ్యవిచారణలో గుక్కతిప్పుకొనక చెప్పుకొనిపోవును. ఎదుటి వకీలు లేచి, ఆనాడు వీథిదీపము మీ కుడిచేతివైపున నుండెనా, ఎడమచేతివైపున నుండెనా యని యడుగగానే వాని నోట తడియారును. ఏలయన వాడు చెప్పినది విన్న మాటయే గాని కన్న దృశ్యము కాదు. ఉక్కుతొట్టి ప్రశ్న యట్టి యడ్డుప్రశ్న. మన పరీక్షలలో ముఖ్యవిచారణయే గాని అడ్డుప్రశ్న లేదు.

జార్జి బాడ్నర్ అను నాచార్యుడు 1991లో ప్రకటించిన వ్యాసము ఇంతకన్న విస్మయకరమైనది. పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఉన్నతపట్టమునకై చేరిన రసాయనశాస్త్ర విద్యార్థులను, అనగా అంతకుమునుపే నాలుగేండ్లు రసాయనము చదివి వచ్చినవారిని, మరుగు నీటిలో లేచు బుడగలలో నేమున్నదని యడిగినాడు. అధికసంఖ్యాకులు నీటియావిరియని సరిగనే చెప్పిరి. గాలి యన్నవారు, ప్రాణవాయువన్నవారు, ఉదజని ప్రాణవాయువుల మిశ్రమమన్నవారును లేకపోలేదు. ఆ చివరివారి మాట నిజమైనచో మన తల్లులు ప్రతి ఉదయము పొయ్యిమీద పేలుడుమందును కాచుచున్నట్లే గదా! మన యెం.యస్సీ. తరగతులలో నీ ప్రశ్న నడుగు ధైర్యము ఎవరికైన కలదా?

ఈ దోషము విద్యార్థుల మందబుద్ధివలన గలిగినది కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయపు అలెక్స్ జాన్‌స్టన్ ఆచార్యుడు దీని కారణమును దశాబ్దములు శోధించి చెప్పినాడు. మైలుతుత్తపు నీటిలో ఇనుపమేకును వేసినచో మేకుకు రాగిపూత పట్టును, నీలిరంగు వెలవెలపోవును. ఇది కంటికి కనబడు లోకము. ఇనుపపరమాణువులు ద్రవములోనికి దిగి, రాగి అయానులు వానిచోట నిలుచుట కంటికి కానరాని లోకము. నల్లబల్లమీది సమీకరణము మూడవది, గుర్తుల లోకము. ఉపాధ్యాయుడు మూడింటి నడుమ తెలియకయే అటునిటు గంతులు వేయును; ఆయనకది యలవాటు. వినువానికి మూడును ఒక్కసారి తలకెక్కవలెను. మనుష్యుని మనస్సు ఒకమాటున పట్టుకొని నడపగలిగిన సంగతులు కొన్నియే. ప్రశ్నలోని మెట్లు ఆ శక్తిని మించినంతనే విద్యార్థుల విజయము మెల్లమెల్లగా గాక ఒక్కపెట్టున పడిపోవుచున్నదని ఆయనయు ఆయన సహచరులును 1980లలోనే చూపినారు. మోయలేని బరువు నెత్తినబడినవాడేమి చేయును? అర్థమును దింపివేసి గుర్తులను మాత్రము పట్టుకొనును. కంఠస్థము చేయుట వాని సోమరితనము గాదు. మునిగిపోవువాడు కఱ్ఱముక్కను పట్టుకొనుటవంటిది.

ఇక మన సంగతి. కఱ్ఱముక్కలను మనము అంగడిలో పెట్టి యమ్ముచున్నాము. డిగ్రీకళాశాల లేని పట్టణముండునేమో గాని, ముఖ్యప్రశ్నలు, వానికి సిద్ధజవాబులుగల గైడు దొరకని పట్టణము లేదు. అధ్యాపకుడు తరగతికి వచ్చి నోట్సు చెప్పును. విద్యార్థులు తల వంచుకొని వ్రాయుదురు. పరీక్షనాడు అదే తిరుగవ్రాయుదురు. ఎవని చేతిరాతలోనుండి ఎవని చేతిరాతలోనికి విషయము పోవుచున్నదో గాని, నడుమ నే మెదడును తాకుట లేదు. అధ్యాపకుని నిందించుట సులభము. ఆయనను నిందింపము. కళాశాలలలో పెక్కుచోట్ల ఆయన గంటకింత యని కూలి పుచ్చుకొను అతిథి. అతిథియని పేరేగాని విస్తరి లేదు! సెమిస్టరు ముగియులోగా పాఠ్యక్రమము ముగింపవలెను. ప్రశ్నపత్రము వేఱొకచోట, వేఱొకరు తయారుచేసెదరు. తాను మంచి ప్రశ్న నడిగి తరగతిని ఆలోచింపజేసినచో, ఆలోచించిన విద్యార్థికి మార్కులు రావు. గైడు చదివినవానికి వచ్చును. అట్టి నేరము రెండవమా రెవరు చేయుదురు?

ఈ యేర్పాటు మన పూర్వులు పెట్టినది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు పుట్టినపుడు పాలకులు వానిని నాటి లండను విశ్వవిద్యాలయపు అచ్చుననే పోసినారు. పాఠము చెప్పుట కళాశాలల వంతు. పరీక్షించి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు వంతు. దొరతనమునకు గుమాస్తాలు కావలెను. గుమాస్తాను ఏరుకొనుటకు పరీక్ష చాలును. 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వెలసినది. 1947లో స్వాతంత్ర్యము వచ్చినది. జిల్లాజిల్లాకు విశ్వవిద్యాలయములు లేచినవి. కాని అనుబంధకళాశాలలలో బోధించువాడొకడు, పరీక్షించువాడొకడు అను నాటి ఒడంబడిక నేటికిని చెక్కుచెదరలేదు. లండనువారే తమ పద్ధతిని ఎన్నడో మార్చుకొనిరి. దొర విడిచిన కోటును మనమింకను ఇస్త్రీచేసి తొడుగుకొనుచున్నాము.

ప్రయోగశాల యున్నది గదా, అచ్చటనైన పదార్థము కనబడును గదా యందురు. పోయి చూతము. రసాయనవిద్యార్థిని ప్రయోగశాలలో నిలిపి నేర్పు పద్ధతి 1824 పిమ్మట జర్మనీలోని గీసెన్ నగరమున లీబిగ్ వలన వాసికెక్కినది. లవణమును గుంపులవారిగా పట్టి తేల్చు క్రమమును అచ్చటనే పనిచేసిన ఫ్రెసేనియస్ 1841లో పుస్తకముగా వెలువరించినాడు. నాడది మహత్తరమైన నూతనత్వము. తెలియని పదార్థమును చేతికిచ్చి, దీనిని నీవే కనుగొనుమనుట. నేడు మన విద్యార్థికి తెలియనిదేదియు లేదు. ఏ సీసాలో ఏ లవణమున్నదో పైతరగతివారు చెప్పియుందురు. బ్యూరెట్టు తిప్పకమునుపే రావలసిన అంకె తెలిసియుండును. వెనుకనుండి లెక్కకట్టి మూడు పాఠములు నింపుదురు, మూడును ఒక్కతీరుగ నున్నచో అనుమానము వచ్చునని ఒకదానిని కొంచెము మార్చుదురు. రికార్డు పుస్తకము తరతరాల రికార్డునుండి ఎత్తివ్రాయబడును. స్థలమునకు పోకయే ఠాణాలో కూర్చుండి వ్రాసిన పంచనామాలను మేము చాల చూచియున్నాము. వానికిని వీనికిని మాకు భేదము కనబడదు. ఒక్క భేదమున్నది: పంచనామాను కోర్టు కొట్టివేయగలదు.

ప్రయోగశాలనుగూర్చి హాఫ్‌స్టైన్, ల్యూనెట్టా అను నిరువురు 1982లోను, మరల 2004లోను అప్పటివఱకు జరిగిన పరిశోధనల నెల్ల తిరుగవేసి చూచిరి. వంటపుస్తకమువలె మెట్టుమెట్టునకు ఆజ్ఞలిచ్చి చేయించు ప్రయోగమువలన మనమాశించు జ్ఞానము కలుగుచున్నదనుటకు ఋజువు మిక్కిలి తక్కువయని వారి నిర్ణయము. చేయి పనిచేయును, మనస్సు గడియారమువైపు చూచును. ప్రయోగము మానుమని వారనలేదు, మేమును అనము. ఏమి చేయవలెనో కొంతవఱకైనను విద్యార్థియే నిర్ణయించుకొనునట్లును, ఏమగునో ముందే ఊహించి వ్రాసి పిమ్మట చూచునట్లును మార్చుమని వారి సలహా. ఊహ తప్పినచోటనే నేర్పు మొదలగును.

ఇదియంతయు పండితుల తగవులాటయని త్రోసివేయువారికి ఒక్క సంగతి జ్ఞాపకము చేసెదము. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణమున ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న పల్లెలను కమ్మినది. ప్రభుత్వపు లెక్కనుబట్టి 12మంది మృతినొందిరి. స్టైరీను అణువులు ఒకటితో నొకటి కలియునపుడు వేడి పుట్టును. ఆ వేడి మఱికొన్నింటిని కలుపును. అందువలన మఱింత వేడి. దీనిని అరికట్టుటకు నిరోధకద్రవ్యమును కలిపి చల్లగ నుంచవలెను. నిరోధకము చాలలేదనియు, ఉష్ణోగ్రతను తొట్టి యడుగుననే కొలుచుచుండిరనియు, పైపొరలు వేడెక్కిన సంగతి తెలియరాలేదనియు ప్రభుత్వసంఘము విచారించి తేల్చినది. ఈ ఘోరమునకు కళాశాలలే కారణమని మేమనము. ఆ బాధ్యత యెవరిదో విచారించు తావు వేఱు. మేమడుగునది ఇంతమాత్రమే. చర్యావేగమునకును ఉష్ణోగ్రతకును గల సంబంధమును మన బి.యస్సీ. విద్యార్థి సూత్రముగా వల్లించును. అడుగున చల్లగనున్న తొట్టి పైన కాగుచుండవచ్చునని, అంకె యొకటి చూపుచుండగా అణువులు వేఱొకటి చేయుచుండవచ్చునని, ఆ సూత్రమునందు వాడు చూడగలడా? హైదరాబాదు చుట్టును, విశాఖ చెంతను మందుల కర్మాగారములు బారులు తీరియున్నవి. వానిలో రాత్రి పాళీన మీటల చెంత నిలుచువారు మన పిల్లలే. ఉక్కుతొట్టి ప్రశ్న కాగితముమీది చుక్కల యాట కాదు.

మందు లేని రోగమైనచో ఏడ్చి యూరకుందుము. మందున్నది. 2014లో స్కాట్ ఫ్రీమన్ మొదలగువారు విజ్ఞానశాస్త్రములు, గణితము, ఇంజనీరింగు తరగతులపై జరిగిన 225 పరిశోధనలను ఒక్కచోట చేర్చి తూచిరి. విద్యార్థి ఊరక వినుటతో సరిపెట్టక, తరగతిలోనే ఆలోచించి, తోటివారితో వాదించి, జవాబు చెప్పు పద్ధతిలో నూటికి 22మంది తప్పగా, ఉపన్యాసము మాత్రమే వినిన తరగతులలో 34మంది తప్పినారు. 2020లో వెలువడిన మఱియొక పరిశీలన మనకింకను ముఖ్యము. వెనుకబడిన వర్గములనుండియు పేదకుటుంబములనుండియు వచ్చిన విద్యార్థులకును తక్కినవారికిని నడుమ పరీక్షామార్కులలోని యెడము ఈ పద్ధతిచే మూడవవంతు తగ్గినదట. ఇంటిలో మొట్టమొదట కళాశాల గడప త్రొక్కిన కూలివాని బిడ్డకు మంచి బోధనము కావలెను. వకీలు బిడ్డ ట్యూషను పెట్టించుకొని యెట్లో గట్టెక్కును.

అమెరికావారందఱును ఈ మార్గము నవలంబించిరని పాఠకులు భ్రమపడవలదు. 2018లో ఉత్తర అమెరికాలోని రెండువేలకు పైగా తరగతులను కూర్చుండి చూడగా, సగమునకు మించి ఉపన్యాసములే నడుచుచుండెను. సాక్ష్యము పుట్టినచోటనే సాక్ష్యమును లెక్కచేయని యాచార్యులు కలరు. ఈ విషయమునగూడ వారిని అనుకరింపవలెనా?

తరగతిలో నూరుమంది యున్నారు, డబ్బు లేదు, యంత్రములు లేవు అను జవాబు మాకు ముందే వినబడుచున్నది. పెన్సిల్వేనియాలోని ఒక చిన్నకళాశాలలో 1994లో మొదలైన పోగిల్ పద్ధతికి కావలసినవి ఆలోచించి వ్రాసిన పనికాగితములు, నలుగురేసి కూర్చుండుటకు బల్లలు. తరగతి యంతటికి ప్రశ్న వేసి జవాబు తెలిసికొనుటకు విద్యుద్యంత్రములు పనిలేదనియు, ఒకటి రెండు మూడు నాలుగు అని వ్రాసిన అట్టముక్కలెత్తి చూపినను అంతే ఫలమనియు కెనడాలో 2008లో ప్రకటింపబడినది. అట్టముక్క కొనలేని కళాశాల తెలుగుదేశమున లేదు. ప్రయోగముల ఖర్చు మాటయా? గరిటెడు ద్రవములకు మాఱుగా చుక్కలతో పనిచేయు సూక్ష్మప్రమాణ పద్ధతిని 1980లలోనే అమెరికా కళాశాలలు వాడుకలోనికి తెచ్చినవి. ఖర్చును తగ్గును, ప్రయోగశాలను చంపు ఆ క్రుళ్లుకోడిగ్రుడ్డు కంపును తగ్గును.

భాషనుగూర్చి ఒక్కమాట చెప్పక విడువలేము. అన్యభాషలో శాస్త్రము నేర్చువాడు తన యాలోచనాశక్తిలో కొంతభాగమును భాషకే వెచ్చింపవలసివచ్చుచున్నదని జాన్‌స్టన్, సెలెపెంగ్ అనువారు 2001లో కొలిచి చూపినారు. పైన చెప్పిన బరువు చాలక దీనినిగూడ మన విద్యార్థి తలకెత్తుచున్నాము. ఒక్క యుదాహరణము. ఉష్ణగతిశాస్త్రమున స్పాంటేనియస్ అను మాట కలదు. మన పిల్లలు దీనిని వెంటనే జరుగునది యని యర్థము చేసికొందురు. వజ్రము గ్రాఫైటుగా మాఱుట సాధారణ పరిస్థితులలో స్పాంటేనియస్ చర్యయే. అయినను ఏ నగలవర్తకుడును దిగులుపడ నక్కఱలేదు, అది యుగములకును జరుగకపోవచ్చును. తనంత తాను జరుగగలదు, ఎప్పుడని యడుగవద్దు అని అధ్యాపకుడు తెలుగున ఒక్క వాక్యము చెప్పినచో చిక్కు విడిపోవును. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము మూడు దశాబ్దములు రసాయనశాస్త్రమును ఉర్దూలో బోధించినది. కావున దేశభాషలో ఉన్నతశాస్త్రము చెప్పరాదనుట చరిత్రకు విరుద్ధము. అక్కడ చదువుకొన్న తెలుగుబిడ్డలకు అదియు పరభాషయే యనుట వేఱు సంగతి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగున అచ్చువేసినది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిగ్రీకళాశాలలలో ఆంగ్లమాధ్యమమునే నిర్బంధము చేసినది. పేరులు ఆంగ్లమున నున్నను మాకభ్యంతరము లేదు. ఆమ్లజనియనినను ఆక్సిజననినను మండునది మండకపోదు. వివరణము, వాదము, సందేహము తెలుగున సాగనిండు.

ఆచార్య ప్రఫుల్లచంద్రరాయి మహాశయుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రఖ్యాతుడైన పిమ్మటను తొలితరగతి బాలురకు తానే పాఠము చెప్పెడివాడు. మనదేశముననే ముంబయిలో హోమీ భాభా విజ్ఞానవిద్యాకేంద్రము 1974నుండి విజ్ఞానబోధనముపై పరిశోధన జరుపుచున్నది. తెలుగునాట విశ్వవిద్యాలయముల రసాయనశాఖలలో అణునిర్మాణముపై, ఔషధములపై పరిశోధించువారు కొల్లలు. తమ యెదుట బల్లలమీద కూర్చున్నవారి తలలలో నేమి జరుగుచున్నదో పరిశోధించుట మాత్రము వారికి తక్కువపనిగా తోచుచున్నది. దానికి పదోన్నతి రాదు.

మా కోరిక పెద్దది కాదు. పాఠ్యమండలుల సభ్యులు వచ్చు సమావేశమున ఒక్క తీర్మానము చేయుదురుగాక: ప్రతి రసాయనపత్రమునందును నాలుగవవంతు మార్కులు, ఏ గైడునందును దొరకని ప్రశ్నలకు, బొమ్మ గీచి గాని సొంతమాటలలో గాని, తెలుగున గాని ఆంగ్లమున గాని చెప్పదగిన ప్రశ్నలకు కేటాయింపవలెనని. పత్రము మాఱిన మఱునాడే తరగతి మాఱును. గైడు అచ్చువేయువారే మొదట గ్రహింతురు. తొలియేడు ఉత్తీర్ణుల సంఖ్య తగ్గును. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టుదురు, వృత్తపత్రికలు వ్రాయును, మంత్రులు కలత చెందుదురు. ఆ యొక్క యేడు ఉపాధ్యక్షులు తమ కుర్చీని గట్టిగ పట్టుకొని కూర్చుండగలరా యనునదే ప్రశ్న. రానున్న పరీక్షల ప్రశ్నపత్రములను మేము తెప్పించి చూచెదము. పాఠకులును తమ యింటి విద్యార్థుల పత్రములను మాకు పంపవచ్చును, పేరులు ప్రకటింపము.